ఒక్క పాట 20 నిమిషాలు.. ప్రోగ్ రాక్ ఆల్బమ్‌లను 50 ఏళ్లుగా ఎందుకు వింటున్నారు?

1975 చివర్లో కెనడాకు చెందిన 'రష్' బ్యాండ్ దాదాపు మూతపడే స్థితికి వచ్చింది. బ్యాండ్‌లో ఉన్నది ముగ్గురే కుర్రాళ్లు. గెడ్డీ లీ బేస్ వాయిస్తూ పాడతాడు, అలెక్స్ లైఫ్‌సన్ గిటార్, నీల్ పీర్ట్ డ్రమ్స్. ఆ ఏడాది రిలీజైన వాళ్ల మూడో ఆల్బమ్ 'కెరెస్ ఆఫ్ స్టీల్' ఆడలేదు. టూర్‌లో చిన్న చిన్న హాళ్లు, పలచగా జనం. ఆ టూర్‌కి వాళ్లే నవ్వుకుంటూ 'డౌన్ ద ట్యూబ్స్ టూర్' అని పేరు పెట్టుకున్నారు. మన భాషలో చెప్పాలంటే 'మునిగిపోయిన యాత్ర' అన్నమాట.

రికార్డు కంపెనీ వైపు నుంచి ఒకటే మాట. రేడియోలో వేసుకోవడానికి వీలుగా చిన్న పాటలు చేయండి అని. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఆడని ఆల్బమ్‌లో ఒక సైడ్ మొత్తం 20 నిమిషాల ఒకే పాట ఉంది మరి. దారి మార్చుకోకపోతే కాంట్రాక్ట్ పోతుంది. కాంట్రాక్ట్ పోతే ఇంటికే. పీర్ట్ బ్యాండ్‌లోకి రాకముందు వాళ్ల నాన్న దగ్గర వ్యవసాయ యంత్రాల స్పేర్ పార్ట్స్ పని చూసుకునేవాడు. మళ్లీ ఆ కౌంటర్ వెనక్కి వెళ్లడమే మిగిలింది.

అప్పుడు ఆ ముగ్గురూ ఏం చేశారు? తర్వాతి ఆల్బమ్‌లో కూడా ఒక సైడ్ మొత్తం 20 నిమిషాల పాటే పెట్టారు!

ఎందుకంత మొండితనం? ఆ పందెం చివరికి ఏమైంది? అది అర్థం కావాలంటే ముందు ఈ 'ప్రోగ్ రాక్' గోల ఏంటో తెలుసుకోవాలి. అభిమానులు తమ ఫేవరెట్ ఆల్బమ్‌లు చెప్పమంటే ఇప్పటికీ తిరిగి తిరిగి అవే అరడజను పేర్లు ఎందుకు చెబుతారో కూడా చూద్దాం.

ఏంటీ ప్రోగ్రెసివ్ రాక్?

1960ల చివర్లో ఇంగ్లండ్‌లో కొన్ని రాక్ బ్యాండ్‌లకు మూడు నిమిషాల పాట సరిపోలేదు. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి.. ఇంతేనా అనిపించింది. వెస్టర్న్ క్లాసికల్, జాజ్, జానపదం అన్నీ కలిపి రాక్‌లోకి తెచ్చారు. తాళాలు మార్చారు. ఒకే పాటలో నాలుగైదు భాగాలు పెట్టారు. ఆల్బమ్ మొత్తం ఒకే కథగానో, ఒకే ఆలోచన చుట్టూనో నడిపారు. దానికే ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు. ముద్దుగా ప్రోగ్.

దీని వెనక ఒక చిన్న టెక్నికల్ సంగతి ఉంది. చాలామంది దాన్ని పట్టించుకోరు గానీ అసలు కిటుకు అక్కడే ఉంది.

ఆ రోజుల్లో రెండు రకాల రికార్డులు నడిచేవి. చిన్న రికార్డు నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంది. ఒక్కో వైపు మూడు, నాలుగు నిమిషాల పాట పడుతుంది. రేడియోలో మోగేవి, హిట్ అయ్యేవి ఇవే. రెండోది లాంగ్ ప్లే రికార్డు. 1948లో మార్కెట్‌లోకి వచ్చింది. 12 అంగుళాల ప్లేటు, నిమిషానికి 33 చుట్లు. ఒక్కో వైపు హాయిగా 20 నిమిషాలు పడుతుంది. అంతకన్నా ఎక్కువ కుక్కితే గాడులు దగ్గరగా వచ్చి సౌండ్ తగ్గిపోతుంది.

చాలాకాలం ఈ పెద్ద రికార్డును హిట్ పాటలన్నీ ఒకచోట పెట్టే సంచిలానే వాడారు. 1967లో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' వచ్చాక ఆల్బమ్ అంటే ఒకే వస్తువు అన్న ఆలోచన బలపడింది. ప్రోగ్ బ్యాండ్‌లు ఇంకో అడుగు ముందుకేశాయి. 20 నిమిషాల జాగా ఉన్నప్పుడు 20 నిమిషాల పాటే ఎందుకు చేయకూడదు? రికార్డు రెండో వైపు తిప్పే ఆ క్షణాన్ని ఇంటర్వెల్‌లా ఎందుకు వాడుకోకూడదు?

మనవాళ్లకు ఇది మరీ కొత్తేం కాదు. కచేరీలో రాగం తానం పల్లవి మొదలుపెడితే అరగంట, ముప్పావు గంట పోతుంది. ఎవరూ 'ఇంత పొడవా' అని లేచి వెళ్లరు. హరికథలో దాసుగారు పాడతారు, చెబుతారు, మళ్లీ పాడతారు. కథ మాత్రం ఒకటే. రాక్ వినే ఇంగ్లిష్ కుర్రాళ్లకు మాత్రం 1969లో ఇది పెద్ద షాక్.

కెవ్వుమని అరిచే ముఖం

ఆ షాక్ పేరు 'ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్'. కింగ్ క్రిమ్సన్ బ్యాండ్ మొదటి ఆల్బమ్. 1969 అక్టోబర్‌లో వచ్చింది. అంతకు మూడు నెలల ముందు, జూలై 5న లండన్ హైడ్ పార్క్‌లో రోలింగ్ స్టోన్స్ ఫ్రీ షో జరిగింది. లక్షల్లో వచ్చిన ఆ జనం ముందు స్టోన్స్ కన్నా ముందే ఎక్కి వాయించిన బ్యాండ్‌లలో వీళ్లొకరు. అప్పటికి వీళ్లది ఒక్క రికార్డు కూడా బయటకు రాలేదు.

ఆల్బమ్ వినకపోయినా దాని కవర్ మాత్రం ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఎర్రగా, నీలంగా ఒక ముఖం. కళ్లు పక్కకు, నోరు బార్లా తెరిచి కేక. ముందువైపు బ్యాండ్ పేరు లేదు, ఆల్బమ్ పేరు లేదు. ముఖం ఒక్కటే. ఆ బొమ్మ వేసింది బ్యారీ గాడ్‌బర్. వృత్తి కంప్యూటర్ ప్రోగ్రామర్. ఆల్బమ్ వచ్చిన కొద్ది నెలలకే, 1970 ఫిబ్రవరిలో గుండెపోటుతో చనిపోయాడు. వయసు 24. అతను వేసిన ఆల్బమ్ కవర్ అదొక్కటే.

మొదటి పాటలో గిటార్, శాక్సఫోన్ కలిసి పళ్లు కొరికినట్టు మోగుతాయి. గొంతును కూడా బొంగురుగా మార్చేశారు. వెంటనే వచ్చే రెండో పాటలో ఫ్లూట్, మెల్లగా, ఊపిరి పీల్చుకున్నట్టు. ఈ తేడానే ఆల్బమ్ ప్రాణం. వెనక వయొలిన్ల గుంపులా వినిపించేది వయొలిన్లు కాదు. మెలట్రాన్ అనే కీబోర్డు. ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. మీట నొక్కితే ముందే రికార్డు చేసిన వయొలిన్ సౌండ్ ఎనిమిది సెకన్ల పాటు మోగి ఆగిపోతుంది. మళ్లీ నొక్కాలి. ఇప్పుడు ఫోన్ యాప్‌లో దొరికే పని కోసం అప్పట్లో బీరువా అంత పెట్టెను లారీలో వేసుకుని తిరిగేవాళ్లు.

విచిత్రం ఏంటంటే, ఇంత పేరు తెచ్చిన టీమ్ ఏడాది కూడా కలిసి లేదు. అమెరికా టూర్ ముగిసేసరికి ఇయాన్ మెక్‌డొనాల్డ్, మైకేల్ గైల్స్ వెళ్లిపోయారు. సింగర్ గ్రెగ్ లేక్ కూడా ఇంకో బ్యాండ్‌కి వెళ్లాడు. గిటారిస్ట్ రాబర్ట్ ఫ్రిప్ ఒక్కడే మిగిలి, మనుషుల్ని మార్చుకుంటూ దశాబ్దాల పాటు ఆ పేరు నడిపించాడు. 2010లో ర్యాపర్ కాన్యే వెస్ట్ తన 'పవర్' పాటలో వాడుకున్నది ఈ ఆల్బమ్‌లోని మొదటి పాట ముక్కనే. అలా ప్రోగ్ పేరు కూడా తెలియని కుర్రాళ్ల చెవుల్లోకి కింగ్ క్రిమ్సన్ వెళ్లిపోయింది.

యోగి పుస్తకం.. చికెన్ విందాలూ

'యెస్' బ్యాండ్ 1972 సెప్టెంబర్‌లో 'క్లోజ్ టు ద ఎడ్జ్' తెచ్చింది. మొత్తం ఆల్బమ్‌లో మూడే పాటలు. మొదటి సైడ్ అంతా ఒక్కటే, 18 నిమిషాలకు పైనే. పాట వెనక ఉన్న పుస్తకం జర్మన్ రచయిత హెర్మన్ హెస్సే రాసిన 'సిద్ధార్థ'. నది ఒడ్డున కూర్చుని జీవితం అర్థం చేసుకునే మన దేశపు యువకుడి కథ అది. పాట మొదట్లో పక్షుల కూతలు, పారే నీళ్ల చప్పుడు వినిపిస్తాయి. ఒక్కసారిగా వాయిద్యాలన్నీ మీద పడతాయి. మొదటి మూడు నిమిషాలు 'వీళ్లు ఒకే పాట వాయిస్తున్నారా, తలొకటి వాయిస్తున్నారా' అనిపిస్తుంది. ఓపిక పడితే మధ్యలో చర్చి ఆర్గాన్ ఎత్తుకునే చోటు వస్తుంది. అక్కడిదాకా వెళ్లినవాళ్లు ఇక వెనక్కి రారు.

రికార్డింగ్ అయిపోగానే డ్రమ్మర్ బిల్ బ్రూఫోర్డ్ బ్యాండ్ వదిలేశాడు. చేరింది ఎక్కడో తెలుసా? కింగ్ క్రిమ్సన్‌లో. హిట్ బ్యాండ్‌ను వదిలి అంతకన్నా కష్టమైన సంగీతం వాయించడానికి వెళ్లాడు!

అసలు గొడవ తర్వాతి ఆల్బమ్‌తో. సింగర్ జాన్ ఆండర్సన్ చేతికి పరమహంస యోగానంద రాసిన 'ఒక యోగి ఆత్మకథ' వచ్చింది. 1973లో జపాన్ టూర్‌లో ఉండగా అందులో శాస్త్రాల గురించి ఉన్న ఒక ఫుట్‌నోట్ దగ్గర ఆగిపోయాడు. ఆ ఒక్క ఫుట్‌నోట్ మీద రెండు రికార్డుల ఆల్బమ్ చేశారు. 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్'. నాలుగు సైడ్‌లు, నాలుగు పాటలు, మొత్తం 80 నిమిషాలు. బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అయినా అభిమానులు ఇప్పటికీ దీని దగ్గర రెండు జట్లుగా విడిపోతారు.

బ్యాండ్ లోపలే ఒకడికి నచ్చలేదు. కీబోర్డు ప్లేయర్ రిక్ వేక్‌మన్. మాంచెస్టర్ షోలో తనకు వాయించడానికి పెద్దగా ఏమీ లేని చోట స్టేజీ మీదే కూర్చుని చికెన్ విందాలూ, పులావ్, అప్పడాలు తిన్నానని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. హెల్పర్ ఏదో పొరపాటున ఆర్డర్ షో మధ్యలోనే తెచ్చి కీబోర్డు పక్కన పెట్టేశాడట. యోగి పుస్తకం నుంచి పుట్టిన పాటల మధ్య విందాలూ వాసన! 1974లో వేక్‌మన్ బ్యాండ్ నుంచి బయటకు వచ్చేశాడు. కొన్నాళ్లకు మళ్లీ చేరాడు, అది వేరే కథ.

నిజం చెప్పాలంటే ఆ 80 నిమిషాల్లో ఒక మంచి 40 నిమిషాల ఆల్బమ్ దాక్కుని ఉంది. ప్రోగ్‌లో ఉన్న రోగం కూడా ఇదే. జాగా దొరికింది కదా అని నింపేయడం.

క్రిటిక్స్‌కి ఇచ్చిన చురక

'జెత్రో టల్' బ్యాండ్ లీడర్ ఇయాన్ ఆండర్సన్ ఒంటికాలి మీద నిలబడి ఫ్లూట్ వాయించే మనిషి. 1971లో వాళ్లు 'ఆక్వాలంగ్' తెస్తే విమర్శకులు దాన్ని కాన్సెప్ట్ ఆల్బమ్ అని తేల్చేశారు. 'బాబూ అది కాదు' అని ఆండర్సన్ మొత్తుకున్నా వినలేదు. సరే, మీకు కావాల్సింది అదే కదా అని 1972లో 'థిక్ యాజ్ ఎ బ్రిక్' చేశాడు. రెండు సైడ్‌లూ కలిపి ఒకే పాట. 40 నిమిషాలు దాటుతుంది. రాసింది గెరాల్డ్ బాస్టాక్ అనే ఎనిమిదేళ్ల పిల్లాడు అని ప్రచారం. అసలు అలాంటి పిల్లాడే లేడు. కవర్ బదులు 12 పేజీల ఉత్తుత్తి లోకల్ పేపర్ అచ్చేసి ఇచ్చారు. వార్తలు, ప్రకటనలు, పజిల్స్‌తో సహా.

వెక్కిరించడానికి చేసిన ఆల్బమ్ అమెరికాలో నంబర్ వన్ అయి కూర్చుంది. చాలామంది అభిమానులకు ఇది జోక్ అని ఇప్పటికీ అనిపించదు. వింటే అర్థమవుతుంది, ఆ ట్యూన్లలో వెటకారం లేదు.

అదే ఏడాది 'జెనెసిస్' సింగర్ పీటర్ గాబ్రియెల్ డబ్లిన్‌లో తన భార్య ఎర్ర గౌను తొడుక్కుని, నక్క తల పెట్టుకుని స్టేజీ ఎక్కాడు. తోటివాళ్లకు కూడా ముందు చెప్పలేదు. మన పగటి వేషగాళ్లు చూస్తే మెచ్చుకునేవాళ్లు. అక్కడి నుంచి బ్యాండ్‌కి పేపర్లలో జాగా పెరిగింది. జెనెసిస్‌లో మొదట వినాల్సింది 1973 నాటి 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్'. 1975లో గాబ్రియెల్ వెళ్లిపోతే, వెనక డ్రమ్స్ వాయించే కుర్రాడు మైకు ముందుకు వచ్చాడు. అతని పేరు ఫిల్ కాలిన్స్.

900 వారాల ఆల్బమ్

ఇక అందరికీ తెలిసిన పట్టకం బొమ్మ. టీ షర్టుల మీద, మగ్గుల మీద, బైకుల మీద కనిపించేదే. పింక్ ఫ్లాయిడ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'. 1973 మార్చిలో రిలీజైంది. అమెరికాలో బిల్‌బోర్డ్ చార్ట్‌లో నంబర్ వన్ స్థానంలో ఉన్నది ఒక్క వారమే. కానీ టాప్ 200లో మొత్తం 900 వారాలకు పైగా ఉంది. అంటే 17 ఏళ్లకు పైనే.

ఒక చిన్న పరీక్ష. ఆ కవర్ మీద పట్టకంలోంచి ఎన్ని రంగులు వస్తాయి? ఏడు అనుకుంటారు. లెక్కపెట్టి చూడండి, ఆరే ఉంటాయి. ఇండిగో వదిలేశారు. ఏదైనా శుభ్రంగా, సింపుల్‌గా ఉండేది కావాలని కీబోర్డు ప్లేయర్ రిచర్డ్ రైట్ అడిగితే హిప్నోసిస్ అనే డిజైన్ టీమ్ చేసిన పని అది.

ఇంతకీ ఈ ఆల్బమ్‌లో ఏముంది? సాహసాలు లేవు, రాక్షసులు లేరు, గ్రహాంతరవాసులు అసలే లేరు. టైమ్, డబ్బు, చావు, పిచ్చి. మనిషికి తల తిరిగేలా చేసేవి ఇవే కదా అన్నది రోజర్ వాటర్స్ ఆలోచన. అప్పటికి అతనికి 29 ఏళ్లు. యవ్వనం అయిపోతోందని, జీవితం ఎప్పుడో మొదలవుతుందని ఎదురుచూస్తూ కూర్చుంటే అది మొదలై చాలా దూరం వెళ్లిపోయిందని తెలిసొచ్చే వయసు. మొదటి ఉద్యోగంలో రెండు మూడేళ్లు గడిచిన ఎవరికైనా 'టైమ్' అనే పాట ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది.

ఆ పాట మొదట్లో ఒకేసారి మోగే గడియారాలను సౌండ్ ఇంజనీర్ అలన్ పార్సన్స్ పాత గడియారాల షాపుకు వెళ్లి రికార్డు చేసుకొచ్చాడు. 'మనీ' పాట మొదట్లో వచ్చే చిల్లర చప్పుడు, క్యాష్ రిజిస్టర్ మోత కూడా అలా చేతితో చేసినవే. కొన్ని చప్పుళ్లు విడివిడిగా రికార్డు చేసి, టేపును స్కేలుతో కొలిచి ముక్కలు కోసి, అతికించి, గుండ్రంగా తిప్పారు. ముక్కలు ఎన్నో తెలుసా? ఏడు. ఎందుకంటే పాట నడిచేది ఏడు దెబ్బల లెక్కలో. 'తకిట తకధిమి' అని వేళ్ల మీద వేసుకుంటూ వినండి. మన మిశ్ర చాపు లెక్క కూడా ఏడే. గిటార్ సోలో దగ్గర మాత్రం మామూలు నాలుగు దెబ్బల లెక్కకు మారిపోతుంది. ఆ మార్పు దగ్గరే ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. క్లేర్ టోరీ. పాతికేళ్ల సెషన్ సింగర్. 1973 జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం అబ్బే రోడ్ స్టూడియోకి పిలిచారు. చావు గురించిన పాట, మాటలు ఉండవు, నీకు తోచింది పాడు అన్నారు. ఆమె గొంతునే వాయిద్యంలా అనుకుని ఆలాపన ఎత్తుకుంది. ఏడుపు, కేక, చివరికి లొంగిపోయినట్టు సన్నటి మూలుగు. అయిపోయాక అతిగా పాడేశానేమో అని సిగ్గుపడింది. 30 పౌండ్లు ఇచ్చి పంపారు. తన గొంతు ఆల్బమ్‌లో ఉంచారని ఆమెకు తెలిసింది రికార్డు షాపులో కవర్ మీద పేరు చూసుకున్నాకే.

ఆ ట్యూన్‌లో సగం ఆమె అక్కడికక్కడ అల్లిందే కదా? మూడు దశాబ్దాలు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. 2004లో ఆమె కోర్టుకెళ్లింది. 2005లో కోర్టు బయట రాజీ కుదిరింది. 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' పాటకు అప్పటి నుంచి రిచర్డ్ రైట్ పేరు పక్కన సహ స్వరకర్తగా క్లేర్ టోరీ పేరు వేస్తున్నారు. కోట్ల కాపీలు అమ్ముడైన ఆల్బమ్‌లో ఒక అమ్మాయి తన పేరు కోసం అంతకాలం ఆగాల్సి వచ్చింది.

స్టూడియోలోకి వచ్చిన గుండు మనిషి

డార్క్ సైడ్ తర్వాత పింక్ ఫ్లాయిడ్ దగ్గర డబ్బుంది, పేరుంది. చేయడానికి ఏమీ తోచలేదు. ఆ ఖాళీలోంచే 1975లో 'విష్ యు వర్ హియర్' పుట్టింది. ఎవరు ఇక్కడ ఉంటే బాగుండు అనుకున్నారు?

సిడ్ బారెట్. బ్యాండ్‌కి ఆ పేరు పెట్టింది అతనే. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ కళాకారుల పేర్లు కలిపి పెట్టాడు. మొదటి హిట్లు రాసింది, పాడింది, గిటార్ వాయించింది అతనే. 1967 నాటికి ఎల్‌ఎస్‌డీ, దానికి తోడు మానసిక ఆరోగ్యం దెబ్బతినడం. స్టేజీ మీద వాయించకుండా శూన్యంలోకి చూస్తూ నిలబడేవాడు. కేంబ్రిడ్జ్ నాటి స్నేహితుడు డేవిడ్ గిల్మోర్‌ను తోడుగా తెచ్చారు. ఒకరోజు షోకి వెళ్తూ సిడ్‌ను ఎక్కించుకోవడానికి వెళ్లలేదు. అంతే. 1968లో అతను బ్యాండ్‌లో లేడు.

ఏడేళ్లు గడిచాయి. 1975 జూన్ 5. అబ్బే రోడ్‌లో సిడ్ గురించి రాసిన 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్' పని నడుస్తోంది. ఒక లావుపాటి మనిషి లోపలికి వచ్చాడు. నున్నటి గుండు, కనుబొమ్మలు కూడా గొరిగేసి ఉన్నాయి. ఎవరో స్టూడియో మనిషేమో అనుకున్నారు. కాసేపటికి ఒకరు గుర్తుపట్టారు. అతను సిడ్. వాళ్లకు కన్నీళ్లు ఆగలేదు. తన గురించిన పాట తన ముందే ప్లే చేసినా అతనికి అది తన గురించే అని తెలిసినట్టు కనిపించలేదు.

ఆ 26 నిమిషాల పాటను రెండు ముక్కలు చేసి ఆల్బమ్ మొదట ఒకటి, చివర ఒకటి పెట్టారు. మొదటి ముక్కలో మాట వినపడటానికి ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. దాన్ని స్కిప్ చేస్తే పాట అర్థం కాదు. ఎందుకంటే ఆ ఎదురుచూపే పాట. మధ్యలో నాలుగు సుదీర్ఘమైన గిటార్ స్వరాలు వస్తాయి. రమ్మని పిలిచి, జవాబు రాక ఆగిపోయినట్టు ఉంటాయి.

సిడ్ ఆ తర్వాత కేంబ్రిడ్జ్‌లో బొమ్మలు వేసుకుంటూ, తోటపని చేసుకుంటూ గడిపాడు. 2006 జూలైలో 60 ఏళ్ల వయసులో చనిపోయాడు.

మరి రష్ ఏమైంది?

1976 వచ్చేసరికి గాలి మారింది. లండన్‌లో పంక్ మొదలైంది. రెండు నిమిషాల పాట, మూడు కార్డులు, బోలెడంత కోపం. సెక్స్ పిస్టల్స్ జానీ రాటన్ పింక్ ఫ్లాయిడ్ టీ షర్టు మీద 'ఐ హేట్' అని రాసుకుని తిరిగాడు. పొడవాటి పాటలంటే ముసలి వ్యవహారం అన్న ముద్ర పడింది.

సరిగ్గా ఆ ఏడాదే రష్ నాలుగో ఆల్బమ్ '2112' రిలీజైంది. మొదటి సైడ్ మొత్తం ఏడు భాగాల ఒకే పాట. కథ 2112వ సంవత్సరంలో. అంతా పూజారుల పాలన. ఏం చదవాలో, ఏం వినాలో వాళ్లే నిర్ణయిస్తారు. సంగీతం చేసుకోవడం అంటే ఏంటో జనం మర్చిపోయారు. ఒక కుర్రాడికి గుహలో పాత గిటార్ దొరుకుతుంది. తీగలు సరిచేసుకుంటూ తనంతట తాను వాయించడం నేర్చుకుంటాడు. ఆ భాగంలో లైఫ్‌సన్ నిజంగానే శ్రుతి కలవని గిటార్‌తో మొదలుపెట్టి ఒక్కో తీగ సవరించుకుంటూ వెళ్తాడు. కుర్రాడు ఆనందంగా దాన్ని పూజారులకు చూపిస్తాడు. వాళ్లు నేలకేసి కొట్టి తొక్కేస్తారు.

చిన్న పాటలు చేయమన్నవాళ్లకు ఇచ్చిన జవాబు ఇది. ఎలాగూ మునుగుతాం కదా, మన పాట పాడుకునే మునుగుదాం అనుకున్నారు. సాహిత్యం రాసిన పీర్ట్ కవర్ మీద రచయిత్రి అయిన్ ర్యాండ్‌కు కృతజ్ఞతలు చెప్పాడు. ఆమె 'ఆంథెమ్' నవలకు ఈ కథ దగ్గరగా ఉంటుంది. ఆ రాజకీయాలు నచ్చనివాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ గిటార్ దొరికిన కుర్రాడి సంబరానికి ఏ రాజకీయమూ అడ్డురాదు.

ఆల్బమ్ అమెరికా చార్ట్‌లో 61వ స్థానం దాకా వెళ్లింది. పెద్ద నంబరేం కాదు. కానీ టాప్ 100లోకి రష్ రావడం అదే మొదటిసారి. నోటి మాట మీద అమ్ముడవుతూ పోయి అమెరికాలోనే 30 లక్షల కాపీలు దాటింది. ఆ తర్వాత ఏం పాడాలో వాళ్లకు చెప్పే ధైర్యం కంపెనీ చేయలేదు. అదే ముగ్గురు 2015 దాకా కలిసి స్టేజీ ఎక్కారు. పీర్ట్ 2020 జనవరిలో బ్రెయిన్ క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

మన దగ్గర?

ప్రోగ్ గాలి ఇక్కడికీ తగిలింది. 2009 డిసెంబర్‌లో బ్రిటిష్ బ్యాండ్ 'పోర్క్యుపైన్ ట్రీ' ఐఐటీ బాంబే ఫెస్ట్‌కు వచ్చి వాయించింది. కొచ్చి బ్యాండ్ 'మదర్‌జేన్' కర్ణాటక గమకాలను ఎలక్ట్రిక్ గిటార్ మీదకు తెచ్చింది. తెలుగువాళ్లకు ఇంకా దగ్గరగా అనిపించేది బెంగళూరు 'అగం'. తమది కర్ణాటిక్ ప్రోగ్రెసివ్ రాక్ అని చెప్పుకునే ఈ బ్యాండ్ త్యాగరాజ కృతి 'మనవ్యాలకించరాదటే'ను డ్రమ్స్, డిస్టార్షన్ గిటార్‌తో పాడింది. సంప్రదాయం తెలిసినవాళ్లలో కొందరికి అది మింగుడు పడకపోవచ్చు. వినాల్సింది మాత్రం వాళ్లే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటిసారి వినేవాళ్లు నేరుగా 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్' జోలికి వెళ్లొద్దు. మొదటి రాత్రే పారిపోతారు. డార్క్ సైడ్‌తో మొదలుపెట్టండి. 43 నిమిషాలే. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతో ముగుస్తుంది. తర్వాత 'విష్ యు వర్ హియర్', ఆపైన '2112' మొదటి సైడ్. ఈ మూడూ నచ్చితే అప్పుడు యెస్, కింగ్ క్రిమ్సన్.

ఫోన్‌లో వినేటప్పుడు షఫుల్ ఆపేయండి. యాప్ సెట్టింగ్స్‌లో 'గ్యాప్‌లెస్' ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే పాటకీ పాటకీ మధ్య చిన్న గ్యాప్ వచ్చి డార్క్ సైడ్ అంతా ముక్కలు ముక్కలైపోతుంది. యూట్యూబ్‌లో ఫ్రీగా వింటే క్లేర్ టోరీ ఆలాపన మధ్యలో ఏ సబ్బు ప్రకటనో ఊడిపడొచ్చు. ఫోన్ స్పీకర్ వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. డార్క్ సైడ్ చివర్లో, గుండె చప్పుడు తగ్గుతుండగా ఒక మనిషి మాట వినిపిస్తుంది. అతను నటుడు కాదు. అబ్బే రోడ్ స్టూడియో తలుపు దగ్గర పనిచేసే జెర్రీ ఓడ్రిస్కల్. కార్డుల మీద ప్రశ్నలు రాసి దొరికినవాళ్లందరికీ చూపించి జవాబులు రికార్డు చేశాడు వాటర్స్. పాల్ మెకార్ట్‌నీ ఇచ్చిన జవాబులు పక్కన పెట్టేసి, డోర్‌మ్యాన్ మాట ఉంచాడు.